5 నొక్కితే కాయిన్

బ్రాడీపేటలో మా ట్యూషన్ ఉన్న సందు చివర ఒక రేకుల షెడ్డు ఉండేది. బోర్డు లేదు. గుమ్మానికి ముదురు నీలం పరదా ఒకటి వేలాడేది, అంతే. పరదా ఎత్తితే లోపల చీకటి, చెమట కంపు, నాలుగు వీడియో గేమ్ పెట్టెలు. అది 1995, నేను ఆరో తరగతి. ఆ పరదా దాటిన పిల్లాడు ఇక చెడిపోయినట్టేనని మా వీధి అమ్మలందరూ తీర్మానించేశారు. ఎవరింట్లో చిల్లర పోయినా ముందు అనుమానం ఆ షెడ్డు మీదకే వెళ్లేది. ఆ అనుమానం వట్టిదేమీ కాదులెండి.

నాలుగు పెట్టెల్లో మూడింటి దగ్గర ఎప్పుడు వెళ్లినా చోటు దొరికేది. నాలుగోదాని ముందు మాత్రం గుంపు కదిలేది కాదు. దాని పేరు ముస్తఫా. అంటే మేం పెట్టుకున్న పేరు. జపాన్ కంపెనీ కాప్‌కామ్ 1993లో తెచ్చిన ఆ ఆట అసలు పేరు 'కాడిలాక్స్ అండ్ డైనోసార్స్' అని నాకు చాలా ఏళ్ల తర్వాతగానీ తెలియలేదు. అందులో నలుగురు ఉంటారు: జాక్, హానా, ముస్తఫా, మెస్. టోపీ పెట్టుకున్న ముస్తఫా అందరికంటే వేగం. గాల్లోకి ఎగిరి తన్నితే ఇద్దరు ముగ్గురు ఒకేసారి పడేవాళ్లు. అందరికీ వాడే కావాలి, కాబట్టి ఆటకే వాడి పేరు వచ్చేసింది. ఇదేదో మా గుంటూరు గొప్ప అనుకునేవాణ్ణి. ఇంజనీరింగ్ హాస్టల్లో కాన్పూరు కుర్రాడొకడు, నాగపూరు కుర్రాడొకడు కలిశాక తెలిసింది, వాళ్ల ఊళ్లలోనూ దాన్ని ముస్తఫా అనేవాళ్లట. ఏ ఊరి పిల్లలు ముందు పెట్టారో, రైలెక్కి ఎలా తిరిగిందో ఆ పేరు.

రూపాయి ఇస్తే షాపు బాబాయ్ ఒక ఇత్తడి బిళ్ల ఇచ్చేవాడు. దాన్ని మేం కాయిన్ అనేవాళ్లం. నా కాయిన్ మూడు నిమిషాల్లో అయిపోయేది. మా పెద్దమ్మ కొడుకు, నాకంటే నాలుగేళ్లు పెద్ద, ఒక్క కాయిన్‌తో కారు స్టేజి దాటేవాడు. మేమంతా వాడి భుజాల వెనక నిలబడి ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం. వాడి పుస్తకాల సంచీ నా భుజాన, నా సంచీ నా వీపున. ఆ కూలీకి బదులుగా ఎప్పుడైనా రెండో కర్ర నాకిచ్చి "ఒరేయ్, నువ్వు లావుగాణ్ణి తీసుకో, ముస్తఫా నాకు" అనేవాడు. నా చిన్నతనమంతా నేను మెస్‌నే.

ఇంట్లో ఆడే వీడియో గేమ్ మాకు ఆ తర్వాతి వేసవిలో వచ్చింది. మామయ్య మద్రాసు నుంచి తెచ్చాడు. ఎర్రటి జాయ్‌స్టిక్కులు, ఒక తుపాకీ, పసుపు రంగు క్యాసెట్. క్యాసెట్ మీద '9999999 ఇన్ 1' అని రాసి ఉండేది. అందులో నిజంగా ఉన్నవి పదో పన్నెండో ఆటలు. అవే రంగులు మార్చుకుని, స్టేజీలు మార్చుకుని, జాబితాలో తిరిగి తిరిగి వస్తుండేవి. ఒక సెలవు రోజు మధ్యాహ్నం నేనూ మా చెల్లీ కూర్చుని 300 దాకా ఒక్కొక్కటే తెరిచి చూసి ఇక లేచిపోయాం. మారియో, కాంట్రా, ట్యాంకుల ఆట, బాతుల్ని కాల్చే ఆట. ఆడకపోతే క్యాసెట్ తీసి కింద ఊదడం, మళ్లీ దిగ్గొట్టడం.

నింటెండో వాళ్లు 1983లో జపాన్‌లో అమ్మిన ఫామికామ్ అనే మెషీన్‌కి అది నకలని మాకేం తెలుసు? మామయ్యకీ తెలియదు. దుకాణంలో ఒరిజినలా అని అడిగే ప్రశ్నే లేదు, ఎందుకంటే ఒరిజినల్ ఎలా ఉంటుందో చూసినవాళ్లు మా చుట్టుపక్కల లేరు. నా వయసు తెలుగు పిల్లల్లో చాలామందికి మారియోతో పరిచయం అలాగే జరిగింది. నింటెండోకి మా దగ్గర్నుంచి ఒక్క పైసా వెళ్లలేదు. ఇది గర్వంగా చెప్పడం లేదు, జరిగిందది.

2003లో నేను హైదరాబాదులో ఇంజనీరింగ్ రెండో ఏడు. అమీర్‌పేటలో గంటకి 20 రూపాయల నెట్ సెంటర్. ఒకరోజు ఏదో ప్రాజెక్టు కోసం వెతుకుతూ ఎక్కడో ఆ బొమ్మ కనబడింది. ఎర్రటి ఆకాశం, పాత కారు, డైనోసార్. చాలాసేపు మౌస్ మీద చెయ్యి కదల్లేదు నాకు. దాని కింద 'డౌన్‌లోడ్' అని ఉంది.

పెట్టెలో ఉన్న ఆట కంప్యూటర్లోకి ఎలా వస్తుందన్నది ఆ రాత్రి పక్క సీటు కుర్రాడు చెప్పాడు. ఆట అంటే బోర్డు మీది చిప్పుల్లో రాసిపెట్టిన అంకెలే. ఆ చిప్పుల్ని చదివి ఫైల్‌గా దాచితే అది రామ్. కంప్యూటర్ మెమరీకి వాడే ర్యామ్ కాదు, ఆర్ ఓ ఎం. ఆ ఫైల్ ఒక్కటీ ఉంటే ఏమీ ఆడదు. ఆ పాత బోర్డులా నటించే ప్రోగ్రాం ఇంకోటి కావాలి, దాన్ని ఎమ్యులేటర్ అంటారు. మా షెడ్డు లాంటి పార్లర్ల ఆటలకి మేమ్ అనే ఎమ్యులేటర్ ఉంది, ఇటలీలో నికోలా సాల్మోరియా అనే ఆయన 1997 ఫిబ్రవరిలో తొలిసారి బయటపెట్టాడు. మేమ్‌ని పంచుకుంటే ఇబ్బంది లేదు, ఫైల్‌తోనే తంటా. ఈ రెంటికీ మధ్య గీత ఎంత పెద్దదో నాకు అప్పుడు బుర్రకెక్కలేదు. నాకు ఫైల్ కావాలి, అంతే.

మేమ్‌లో ముస్తఫా ఫైల్ పేరు డైనో డాట్ జిప్. అది ఒక్క ఫ్లాపీలో పట్టదు. నెట్ సెంటర్లో సీడీ రాయించాలంటే విడిగా 40 రూపాయలు, అవి లేవు. ముక్కలు చేసి ఫ్లాపీల్లో ఎక్కించుకుని హాస్టల్‌కి తీసుకెళ్లాను. మూడో ఫ్లాపీ చదవలేదు. మళ్లీ అమీర్‌పేట, మళ్లీ 20 రూపాయలు. ఈసారి అన్నీ ఎక్కాయి, కలిపాను, తెరిచాను. కావలసిన ఫైళ్లు కొన్ని లేవు, ఆట నడవదు అని తేల్చి చెప్పింది. మేమ్ ఒక వెర్షన్‌ది, రామ్ ఇంకో వెర్షన్‌ది. మూడోసారి వెళ్లినప్పుడు నెట్ సెంటరాయన "ఏం తమ్ముడూ, ఏమైనా రీసెర్చా?" అని అడిగాడు.

నడిచింది చివరికి. కాప్‌కామ్ అక్షరాలు తెర మీద పడుతుంటే రూంలో ఆరుగురం. మీట ఏదో తెలియక కీబోర్డంతా తట్టాం. ఎవడో 5 నొక్కాడు. కాయిన్ పడ్డ చప్పుడు. కింద క్రెడిట్ 1.

ఆ చప్పుడుకి నా ఒంటి మీద వెంట్రుకలు లేచాయి. మళ్లీ నొక్కాను. 2. మళ్లీ. 3. అమ్మ పోపుల డబ్బాలోంచి తీసిన రూపాయలు, బస్సెక్కకుండా నడిచి మిగిల్చిన రూపాయలు, కొట్టుకి వెళ్లి పంచదారలో కొట్టేసిన రూపాయలు, అవన్నీ ఒక్క వేలితో నొక్కితే వచ్చేస్తున్నాయి. ఆ రాత్రి నాలుగింటికి ఆట చివర దాకా చూశాను మొదటిసారి. చివర చూశాక కొంచెం దిగులేసింది, అది వేరే సంగతి.

ఆ డౌన్‌లోడ్ సైట్లలో ఒక హెచ్చరిక ఉండేది. అసలు ఆట మీ దగ్గర లేకపోతే ఈ ఫైల్‌ని 24 గంటల్లో డిలీట్ చెయ్యాలి, లేకపోతే నేరం అని. మా హాస్టల్లో దాన్ని అందరూ నమ్మారు. నమ్మి ఎవడూ డిలీట్ చెయ్యలేదు. ఆ 24 గంటల గడువు ఏ చట్టంలోనూ లేదు. ఎవరో ఒకరు రాస్తే మిగతావాళ్లు ఎత్తి పెట్టుకున్న మాట. అసలు క్యాసెట్ మీ దగ్గరున్నా సరే, నెట్లోంచి రామ్ దించుకోవడం తప్పేనని నింటెండో వాళ్లు తమ సైట్లో చాలాకాలం సూటిగా రాసి పెట్టారు. దించుకునే మనకి ఆ హెచ్చరిక ఒక మజ్జిగ చుక్క, మనసు చల్లబడటానికి.

సెలవులకి గుంటూరు వెళ్లినప్పుడు ఆ ఫైళ్లన్నీ సీడీ రాయించి అన్నయ్యకి, అదే మా పెద్దమ్మ కొడుకుకి, ఇచ్చాను. డిగ్రీ మధ్యలో వదిలేసి అప్పటికి వాడు అరండల్‌పేటలో చిన్న కంప్యూటర్ షాపు పెట్టాడు. జాబ్ వర్కు, సీడీలు అద్దెకివ్వడం. నేనిచ్చిన సీడీ చూసి ఎంత మురిసిపోయాడంటే, వారం తిరిగేసరికి '500 గేమ్స్' అని రంగు కాగితం వేసి, కాపీలు తీసి, ఒక్కోటి 60 రూపాయలకి అమ్మడం మొదలెట్టాడు. ముస్తఫా బొమ్మే కాగితం మీద. ఎన్ని అమ్మాడో లెక్క లేదు. బండికి మొదటి కంతు ఆ డబ్బుల్లోంచే కట్టానని తర్వాత వాడే చెప్పాడు. నాకు ఒక జత బట్టలు కొనిచ్చాడు. వేసుకున్నాను.

తర్వాత ఉద్యోగం, పెళ్లి, పాప. ముస్తఫా కొన్ని ల్యాప్‌టాప్‌లు మారి, ఎక్కడో ఒక హార్డ్ డిస్కుతో పాటు పోయింది. పోతే పోయింది, కావాలంటే మళ్లీ దించుకోవచ్చు కదా అన్న ధీమా. అలా 2018 వచ్చింది.

ఆ జులైలో నింటెండో అమెరికాలో అరిజోనా ఫెడరల్ కోర్టులో లవ్‌రామ్స్, లవ్‌రెట్రో అనే రెండు రామ్ సైట్ల మీద దావా వేసింది. నడిపేది ఒక భార్యాభర్తలు. వెంటనే సైట్లు మూసేశారు. నవంబరుకల్లా రాజీ కుదిరింది. కాగితం మీద తీర్పు మొత్తం 1 కోటి 22 లక్షల 30 వేల డాలర్లు. మొగుడూ పెళ్లాం అంత కడతారని నింటెండోకైనా నమ్మకం ఉందనుకోను. ఆ అంకె మిగతా సైట్లవాళ్లు చదవడానికి.

దావా వార్తని మాత్రం వాళ్లు ముందే చదివారు. ఆ అంకె రాకముందే, ఆగస్టులో, ఎమ్యుపారడైజ్ అనే సైట్ తన రామ్‌లన్నీ తీసేసింది. నేను 2003 తర్వాత దించుకున్నవాటిలో సగం అక్కడివే. 2000లో మొదలై 18 ఏళ్లు నడిచింది. వీడ్కోలు చెబుతూ దాన్ని పెట్టినతను ఒక మాట రాశాడు. ఇండియాలో పెరుగుతూ ఈ ఆటలు చాలావరకు ఆడే వీలు దొరకలేదనీ, అందుకే ఇది మొదలుపెట్టాననీ. యుద్ధంలో ఉన్న సైనికులు కూడా తనకి ఉత్తరాలు రాశారట, ఈ ఆటల్లో మునిగే రోజులు నెట్టుకొస్తున్నామని. ఇన్నేళ్లూ అది ఏ అమెరికావాడిదో అనుకున్నాను. నాలాంటి పరదా వెనక పిల్లాడే! ఆఫీసు క్యాంటీన్లో కాఫీ చల్లారిపోయింది చదువుతుంటే.

సాయంత్రం అన్నయ్యకి ఫోన్ చేశాను.

"పాతికేళ్ల నాటి ఆటలురా అవి. వాళ్లు అమ్మట్లేదు, ఇంకొకళ్లని ఇవ్వనివ్వరు. పాత సామాన్లవాడు మూట కట్టుకుంటే కూడా ఏడుస్తారా?" అన్నాడు.

ఆ మాటలో సగం నిజముంది. మిగతా సగం కోసం నేను చాలా రోజులు చదివాను, ఇప్పటికీ ఎక్కడ కనబడినా చదువుతూనే ఉన్నాను. నాకు అర్థమైంది ఇది.

ముందు, వాళ్లు అమ్మట్లేదన్నది అన్ని ఆటల విషయంలో నిజం కాదు. నింటెండో 2006 నుంచే వీ అనే తన మెషీన్ మీద పాత ఆటల్ని ఒక్కొక్కటిగా డబ్బుకి అమ్మింది. 2016 నవంబరులో 30 పాత ఆటలు పోసి అరచేతిలో పట్టే బుల్లి ఎన్ఈఎస్ (ఫామికామ్‌కి అమెరికాలో పేరు) తెస్తే దుకాణాల్లో నిలవలేదు, జనం ఎగబడ్డారు. 2018 సెప్టెంబరులో నెలచందా, ఏడాది చందా మీద పాత ఆటలిచ్చే పథకం తెచ్చింది. దావా పడింది సరిగ్గా దానికి రెండు నెలల ముందు. నా కళ్లకి అది యాదృచ్ఛికంలా కనబడలేదు. అటకెక్కించిన ఇత్తడి బిందెకి ఇప్పుడు వేలంలో ధర పలుకుతోంది. అదే బిందె బయట ఉచితంగా పంచుతుంటే ఎవరు ఊరుకుంటారు?

ఇంకా, ఆ సైట్లు ఉచితం అన్నమాటేగానీ, చుట్టూ ప్రకటనలు. పేజీ నిండా మారియో బొమ్మలు, నింటెండో అక్షరాలు. అక్కడ కాపీరైట్‌తో పాటు ట్రేడ్‌మార్క్ కూడా తగులుతుంది. కాపీరైట్ ఎన్నేళ్లు నిద్రపోయినా పోదు. ట్రేడ్‌మార్క్ అలా కాదు. ఎవడు పడితే వాడు వాడుతుంటే చూస్తూ కూర్చుంటే దాని బలం తగ్గుతుంది, అందుకని కంపెనీ వకీళ్లు దాన్ని పొలం గట్టులా కాపలా కాస్తారు. అమెరికా చట్టంలో కావాలని చేసిన ఉల్లంఘనకి నష్టం రుజువు చెయ్యక్కర్లేకుండానే ఒక్కో కృతికి లక్షన్నర డాలర్ల దాకా వెయ్యొచ్చు. వెయ్యి ఆటలున్న సైట్‌కి ఆ గుణకారం చేసుకుంటే నిద్ర పట్టదు. నిజానికి చాలా సైట్లు కోర్టు దాకా పోవు. డీఎంసీఏ అనే 1998 నాటి అమెరికా కాపీరైట్ చట్టం కింద సర్వర్ అద్దెకిచ్చినవాడికి ఒక నోటీసు వెళుతుంది. నోటీసు మీద కదిలితేనే వాడికి రక్షణ, కాబట్టి వాడు వాదించడు, తీగ పీకేస్తాడు.

ఎమ్యులేటర్ సంగతి మాత్రం వేరు. ప్లేస్టేషన్ ఆటల్ని కంప్యూటర్లో ఆడించే ప్రోగ్రాం చేసినందుకు కనెక్టిక్స్ అనే కంపెనీ మీద సోనీ దావా వేస్తే, 2000లో అప్పీల్ కోర్టు కనెక్టిక్స్ వైపే తీర్పిచ్చింది. అదే పని చేసిన బ్లీమ్ అనే చిన్న కంపెనీ కూడా సోనీ మీద గెలిచింది. గెలిచి, వకీళ్ల ఫీజులకి చితికిపోయి 2001లో మూతపడింది. మన పల్లెల్లో గట్టు తగాదాలు నెగ్గి పొలం అమ్ముకున్నవాళ్లని చూశాం కదా.

ఇంత చెబితే అన్నయ్య "నువ్వు కంపెనీవాడివి అయిపోయావురా" అన్నాడు. కొంత అయ్యే ఉంటాను. ఏళ్ల తరబడి కోడ్ రాసి తింటున్నవాణ్ణి, నా పని ఎవడో 60 రూపాయల సీడీలో పెట్టి అమ్మితే ఒప్పుకుంటానా?

ఆ ప్రశ్న ఫోన్లో అడగలేదు. మూడేళ్లకి దానంతటదే వచ్చింది. రామ్‌యూనివర్స్ అని ఇంకో సైట్, కాలిఫోర్నియాది. ఏడాదికి 30 డాలర్లు కడితే ఎన్నయినా వేగంగా దించుకోవచ్చు. నడిపేవాడికి 2019లో ప్రధానమైన రాబడి అదే. నింటెండో దావా వేస్తే వకీలు లేకుండా తానే వాదించుకున్నాడు. 2021 మేలో కోర్టు 21 లక్షల 15 వేల డాలర్లు కట్టమంది. నెలకి 50 డాలర్ల చొప్పున కడతానని ఒప్పుకున్నాడు. లెక్క వేశాను. 3,525 ఏళ్లు పడుతుంది. మొదటి 50 కూడా కట్టలేదు. ఉన్న ఆటల కాపీలన్నీ నాశనం చెయ్యమని ఆగస్టులో కోర్టు ఉత్తర్వు ఇచ్చింది.

ఇది అన్నయ్యకి చెప్పినప్పుడు వాడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. కాసేపాగి, "నా బండి కంతు కూడా అలాంటిదేగా" అన్నాడు. తర్వాత వేరే విషయం మాట్లాడుకున్నాం. వదినకి మోకాళ్ల నొప్పులు, పెద్దమ్మ కళ్ల ఆపరేషను.

రామ్‌యూనివర్స్ మూతపడితే నాకు బాధలేదు. చందా కట్టించుకుని పరాయివాడి సరుకు అమ్మేవాడికి ఏదో ఒకరోజు ఇది తప్పదు. నా లోపల గుచ్చుకునేది ముస్తఫా.

ఎందుకంటే ముస్తఫాని కాప్‌కామ్ అమ్మడం లేదు. ఆ పార్లర్ ఆట ఇంట్లో ఆడుకునే ఏ మెషీన్‌కీ రాలేదు. ఆ కంపెనీ పాత ఆటల్ని కట్టలు కట్టి మళ్లీ మళ్లీ అమ్మింది, ఏ కట్టలోనూ ఇది లేదు. నేను వెతికాను, క్రెడిట్ కార్డు చేతిలో పట్టుకుని. కారణం పేరులోనే ఉందని నా నమ్మకం. కాడిలాక్ అన్నది జనరల్ మోటార్స్ వాళ్ల పేరు, లైసెన్స్ తీసుకుని వాడారు. కథ, మనుషులు ఒక అమెరికన్ కామిక్‌వి. మళ్లీ అమ్మాలంటే కార్ల కంపెనీ, కామిక్ హక్కుదారు, కాప్‌కామ్ ఒక చోట కూర్చుని సంతకాలు పెట్టాలి. ముప్పై ఏళ్ల నాటి ఆట కోసం ఎవరికి పట్టింది? అయితే కుదరనిదీ కాదు. అదే 1993లో కాప్‌కామ్ చేసిన 'ది పనిషర్' ఆటకి మార్వెల్ వాళ్ల హక్కులు అడ్డం. అది 2024లో ఒక కట్టలో మళ్లీ వచ్చింది. ముస్తఫా వంతు రాలేదు.

పోనీ అసలు బోర్డు కొని దాచుకుందామా అంటే, దాని లోపల ఇంకో కథ. ఆ తరం కాప్‌కామ్ బోర్డుల్లో శబ్దం నడిపే ప్రాసెసర్‌కి తాళం వేసి, తాళంచెవిని బ్యాటరీతో బతికే మెమరీలో పెట్టారు. నకలు బోర్డులు చెయ్యకుండా ఆ ఏర్పాటు. బ్యాటరీ అయిపోతే తాళంచెవి మాయం, ఆట చచ్చిపోతుంది. సేకరించేవాళ్లు దాన్ని ఆత్మహత్య బ్యాటరీ అంటారు. అయినా నకళ్లు ఆగలేదనుకోండి, మేమ్ జాబితాలో ఈ ఆట దొంగ బోర్డులు కూడా విడిగా నమోదై ఉన్నాయి. మా బ్రాడీపేట షెడ్డులోని పెట్టె ఏ రకమో ఆ బాబాయ్‌కే తెలియాలి. ముస్తఫా ఇవాళ ఎక్కడైనా బతికి ఉందంటే, ఎవరో ఓపిగ్గా ఆ తాళం విప్పి ఫైల్‌గా దాచినందువల్ల, ఆ ఫైల్‌ని ఎమ్యుపారడైజ్ లాంటివి చేతులు మార్చినందువల్ల. దాచిందీ వాళ్లే, తప్పు చేసిందీ వాళ్లే.

ఇది ఒక్క ముస్తఫా గొడవ కాదు. అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తీసింది. 2010కి ముందు అక్కడ విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు కొందామంటే దొరకవు. కాపీరైట్ మాత్రం కంపెనీ పేరు మీదున్న కృతికి అమెరికాలో 95 ఏళ్లు. అంటే ముస్తఫా 2088 దాకా బందీ. నాకప్పటికి 104. మన తొలినాళ్ల టాకీల రీళ్లు ఎన్ని మిగిలాయో చూశాం, ఎవరి హక్కు వాళ్ల బీరువాలో భద్రంగానే ఉంది, రీలే లేదు.

కనీసం గ్రంథాలయాల్లోనైనా పెట్టనివ్వండి, చదువుకునేవాళ్లు దూరం నుంచి తెరిచి చూస్తారు అని ఆ ఫౌండేషన్, తోటి సంస్థలు అడిగాయి. కంపెనీల సంఘం అడ్డుపడింది. 2024 అక్టోబరులో కాపీరైట్ కార్యాలయం కుదరదంది. చూపిన భయం ఏమిటంటే, జనం ఆ ఆటల్ని సరదాకి ఆడేస్తారేమోనని. ఆటని సరదాకి ఆడటం! మా ట్యూషన్ మాస్టారు కూడా ఇంతే అనేవాడు.

కంపెనీలు మరీ ఎమ్యులేటర్లని అసహ్యించుకుంటాయా అంటే అదీ లేదు. 2019లో కాప్‌కామ్ లైసెన్స్‌తో 16 పాత ఆటలు పోసిన ఒక ఇంటి పెట్టె వచ్చింది. దాని లోపల నడిచేది అభిమానులు కలిసి రాసుకున్న ఎఫ్‌బీ అల్ఫా అనే ఎమ్యులేటరే. డబ్బుకి వాడకూడదన్న షరతుతో రాసుకున్నది. ఒక్కడి సంతకంతో అది అమ్ముడుపోయేసరికి మిగతావాళ్లు విడిపోయి వేరు కుంపటి పెట్టుకున్నారు. అందులోనూ ముస్తఫా లేదు, చూశాను.

2024 జూన్‌లో 1997 నుంచి నడుస్తున్న విమ్స్ లెయిర్ అనే సైట్ కూడా నింటెండో, సెగా, లెగో పేర్ల మీద వచ్చిన ఉత్తరాలకి చాలా ఆటలు తీసేసింది. అప్పుడిక నేను అన్నయ్యకి ఫోన్ చెయ్యలేదు.

మొన్న సంక్రాంతికి గుంటూరు వెళ్లాం. అన్నయ్య షాపు ఎప్పుడో మూతపడింది, ఇప్పుడు జిరాక్స్, ఆధార్ పనులు చూస్తున్నాడు. భోగి పొద్దున మంటలో వెయ్యడానికి పాత చెక్కలు, అట్టపెట్టెలు అటక మీంచి దింపుతుంటే ఒక బిస్కెట్ల డబ్బా దొరికింది. లోపల సీడీలు. పైనున్నదాని మీద నా చేతిరాత, '500 గేమ్స్ ఒరిజినల్' అని. ఒరిజినల్ అన్న మాట ఎందుకు రాశానో నాకే తెలియదు.

"ఇది మంటలో వెయ్యకురా, ప్లాస్టిక్" అంది వదిన. అన్నయ్య అప్పటికే దాన్ని లుంగీతో తుడుస్తున్నాడు.

ఇంట్లో ఏ కంప్యూటర్‌కీ సీడీ పెట్టే గూడు లేదు. వాడి షాపు సామాన్లలోంచి దుమ్ము పట్టిన పాత డ్రైవ్ ఒకటి వైరుతో సహా దొరికింది. సీడీ తిరగడం మొదలెట్టింది, ఆగింది, గరగరమంది, మళ్లీ తిరిగింది. అంచుల దగ్గర వెండిపూత ఊడిపోతోంది. నెట్లోంచి కొత్తది దించుకుంటే రెండు నిమిషాల పని, ఇప్పటికీ ఎక్కడో ఒక చోట దొరుకుతుంది. ఆ మాట నేనూ అనలేదు, వాడూ అనలేదు. సీడీనే చూస్తూ కూర్చున్నాం.

మధ్యాహ్నానికి తెరుచుకుంది. మా పాప వచ్చి మా ఇద్దరి మధ్య దూరింది.

"కాయిన్ వెయ్యమ్మా" అన్నాడు అన్నయ్య.

"ఎక్కడ పెదనాన్నా?"

"5 నొక్కు."

నొక్కింది. ఆ చప్పుడు బాగున్నట్టుంది, ఆపకుండా నొక్కుతూనే ఉంది. క్రెడిట్ 9కి వెళ్లి ఆగిపోయింది. ఇంకా నొక్కుతోంది.

"చాల్లేవే, అన్ని రూపాయలెక్కడివి మనకి!" అని అన్నయ్య దాని చెయ్యి పట్టుకుని, నా వైపు తిరిగి, "ఒరేయ్, నువ్వు ముస్తఫాని తీసుకో ఈసారి" అన్నాడు.

అలవాటు కొద్దీ మెస్ మీదే నొక్కేశాను.